సంకలనానికి పంపే ముందు

ఆదివారం పొద్దున హైదరాబాద్ ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి. వాటి ముందు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. కొన్నేళ్ల క్రితం అక్కడ ఒక కవితా సంకలనం నా చేతికి వచ్చింది. అట్ట నలగలేదు, లోపలి కాగితం తెల్లగానే ఉంది. చేతిలో వదులుగా పట్టుకుంటే పుస్తకం దానంతట అదే ఒక పేజీ దగ్గర తెరుచుకుంది. అక్కడ ఒక కవిత, పైన కవి ఫొటో, కింది మూలన బొటనవేలి మరక. విషయసూచికలో ఆ కవి పేరు పక్కన నీలం సిరాతో టిక్కు పెట్టి ఉంది. మిగతా పేజీల్లో చాలా వాటిని ఎవరూ తిప్పిన ఆనవాలే లేదు. అరవై మందికి పైగా కవులున్న ఆ పుస్తకంలో దాని యజమాని చదివింది ఒక్కరినే, తననే.

ఇరవై రూపాయలిచ్చి ఆ పుస్తకం కొనుక్కున్నాను. ఇప్పటికీ నా బల్ల మీదే ఉంటుంది. కొత్తగా రాస్తున్నవారు ఎవరైనా ‘ఫలానా సంకలనానికి కథ అడుగుతున్నారు, పంపమంటారా?’ అని ఫోను చేసినప్పుడు నా చూపు ముందు దాని మీదికే పోతుంది. ఆ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పలేను. సంకలనం అన్న ఒకే పేరుతో మన దగ్గర నాలుగైదు వేరువేరు వస్తువులు చెలామణి అవుతున్నాయి. ముందు వాటిని విడదీసి చూడాలి.

ఒకే రచయిత రచనలను కలిపి వేస్తే సంపుటి. పలువురి రచనలను ఒకచోట చేరిస్తే సంకలనం. సంపుటి తేవాలంటే పుస్తకానికి సరిపడా కథలుండాలి, ఆపైన వేసేవారు దొరకాలి. తెలుగులో కొత్త రచయితకు సొంత ఖర్చుతో వేసే ప్రచురణకర్త దొరకడం అరుదు కాబట్టి చాలామంది తమ జీతంలోంచే తీసి పెట్టుకుంటారు. పత్రికలో కథ వస్తే ఎక్కువమంది చూస్తారు, మరుసటి ఆదివారానికి ఆ కాగితం పాత పేపర్ల కట్టలో చేరుతుంది. సంకలనం ఈ రెండింటి నడుమ ఉంది. ఒక్క మంచి కథ ఉంటే చాలు, అది పుస్తకంలో నిలుస్తుంది. గ్రంథాలయం బీరువాలోకి వెళ్తుంది, ఇరవై ఏళ్ల తర్వాత పరిశోధన చేస్తున్న విద్యార్థి కంట పడుతుంది. పేరున్న రచయిత కోసం పుస్తకం కొన్నవారు పక్క పేజీలోని కొత్త పేరును కూడా చదువుతారు. సంకలనం ఇవ్వగలిగిన అసలు మేలు ఈ పొరుగే.

హైదరాబాద్‌లో ఉండి ఈ విషయం రాస్తూ గోలకొండ కవుల సంచికను తలుచుకోకుండా ఉండలేను. నిజాం రాష్ట్రంలో ఆంధ్ర కవులు పూజ్యమని ఆ రోజుల్లో ఒక మాట వచ్చింది. పూజ్యమంటే ఇక్కడ సున్న. గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి దానికి జవాబును సంకలనంగానే ఇచ్చారు. ఊరూరి నుంచి రచనలు తెప్పించి, 1934లో 354 మంది కవులను ఒక సంచికలో నిలబెట్టారు. అందులోని ఎన్నో పేర్లు ఈనాడు మనకు తెలిశాయంటే ఆ సంచిక వల్లనే. మరుసటి ఏడాది, 1935లో, ముద్దుకృష్ణ సంపాదకత్వంలో ‘వైతాళికులు’ వచ్చింది. ఆధునిక కవిత్వం అంటే ఏమిటో తర్వాతి తరాలు తెలుసుకున్నది చాలావరకు ఆ పుస్తకం చేతపట్టుకునే. ఇంకా ఇటీవలికి వస్తే 1993లో స్త్రీవాద కవిత్వంతో ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవిత్వంతో ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ముస్లిం కవుల ‘జల్జలా’ వచ్చాయి. వాటిలో కనిపించిన వారిలో కొందరు అప్పటికి ఒక్క సంపుటి కూడా లేనివారు. సంకలనంలో వచ్చిన ఒకటి రెండు కవితలతోనే పాఠకులు వారిని గుర్తుపెట్టుకున్నారు.

ఈ పుస్తకాల్లో కొన్ని ఏరి కూర్చినవి, కొన్ని విస్తారంగా పోగు చేసినవి. 354 మందిని చేర్చిన పుస్తకాన్ని గట్టి వడపోత అనలేం. అయినా అది నిలిచింది. ఎందుకంటే దాని ముందొక ప్రశ్న ఉంది: ఇక్కడ కవులున్నారా? తర్వాతి వాటికీ అంతే. ఆడవాళ్లు తమ శరీరం గురించి, ఇంటి గురించి రాస్తే ఎలా ఉంటుంది? ఇన్నాళ్లూ కవిత్వంలో వస్తువుగా ఉన్నవారు తామే మాట్లాడితే ఏం మాట్లాడతారు? సంపాదకుడు ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాడు, మీ రచన ఆ జవాబులో ఒక ముక్క. కొన్నాళ్ల తర్వాత నేను తెలుసుకున్నది ఇదే: రచన పంపే ముందు ఆ సంకలనం ఏ ప్రశ్నకు పుట్టిందో కనుక్కోవాలి. ప్రకటనను రెండుసార్లు చదివినా ప్రశ్న దొరకకపోతే, గడువు తేదీ, పంక్తుల లెక్క, ఫొటో సైజు, డబ్బు పంపాల్సిన నంబరు తప్ప మరేమీ కనిపించకపోతే, అక్కడ ఆగాలి.

ఇప్పుడు రకాలు. మొదటిది, మనం పంపడానికి వీల్లేనిది. కథాసాహితి సంస్థ తరఫున వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా 1990 నాటి కథలతో మొదలుపెట్టి ఏడాదికొకటిగా తెచ్చిన కథా సంకలనాలు ఇలాంటివి. ఆ సంవత్సరం పత్రికల్లో అచ్చయిన కథల్లోంచి వారే ఎంచుకుంటారు. అందులోకి దారి పత్రికల మీదుగానే ఉంది. ఏడాదికి ఒక్క కథ రాసినా సరే, దాన్ని మంచి సంపాదకుడున్న పత్రికకు పంపి అచ్చులో ఉంచుకోవడమే చేయగలిగింది. కొత్తవారు ఈ మెట్టును దాటేసి నేరుగా సంకలనం కోసం చూస్తారు. రెండూ ఒకే దారిలోని మజిలీలు.

రెండోది, ఒక విషయం చెప్పి రచనలు ఆహ్వానించే సంకలనం. నీళ్ల మీద కథలు, బడి మీద కథలు, ఒక జిల్లా కథలు, ఒక వృత్తివారి కథలు. పంపడానికి నిజంగా తగినది ఇదే కాబట్టి దీని గురించి కింద విడిగా రాస్తాను. మూడోది పోటీ కథల సంకలనం. ఉగాదికో సంక్రాంతికో పోటీ పెట్టి, బహుమతి కథలనూ సాధారణ ప్రచురణకు తీసుకున్నవాటినీ కలిపి వేస్తారు. ఇక్కడ న్యాయనిర్ణేతలు ఎవరో చూసుకుంటే చాలు.

నాలుగోది డబ్బు కట్టి చేరేది. ఆబిడ్స్‌లో నాకు దొరికిన పుస్తకం ఈ కోవలోదని నా అనుమానం. వాట్సాప్‌లో ప్రకటన వస్తుంది. ఇరవై పంక్తులు మించని కవిత, ఒక ఫొటో, ఇంత రుసుము. పంపినవారందరూ ఎంపికవుతారు. ప్రశంసాపత్రం వస్తుంది, సభలో శాలువా కప్పుతారు. లెక్క వేసి చూడండి. అరవై మంది, ఒక్కొక్కరు అయిదు వందల రూపాయలు అనుకుంటే ముప్పై వేలు. మనిషికి రెండు ప్రతులు ఇస్తే నూట ఇరవై పుస్తకాలు. తెచ్చినవారికి ఆ పుస్తకాన్ని ఎవరికీ అమ్మాల్సిన అవసరం లేదు. అచ్చు కాకముందే కొనేవారు దొరికారు, డబ్బు ముట్టింది. దుకాణానికి వెళ్లాల్సిన పని లేదు, సమీక్షకు పంపాల్సిన పని లేదు, మీ కవితలో మూడో పంక్తి బలహీనంగా ఉందని చెప్పాల్సిన పని అసలే లేదు. ఒక యువకుడి తొలి కవితకు ఎవరూ చెప్పని ఆ ఒక్క మాటే నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా కనిపిస్తుంది. అయిదు వందలు తిరిగి సంపాదించుకోవచ్చు. బాగా లేని కవితను బాగుందని నమ్మి మూడేళ్లు అలాగే రాస్తూ పోతే ఆ మూడేళ్లు తిరిగిరావు.

డబ్బు వేసుకోవడమే తప్పని నేననను. తెలుగు సాహిత్యంలో సగం మిత్రుల జేబుల్లోంచే అచ్చయింది. ఒకరినొకరు చదువుకున్న ఎనిమిది మంది కలిసి, కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు అందరికీ చూపించుకుని, ఒకరి కథను ఒకరు దిద్ది పుస్తకం తెస్తే అది గౌరవమైన పని. 1965లో హైదరాబాద్‌లో ఆరుగురు కవులు ‘దిగంబర కవులు’ పేరుతో తమ మొదటి పుస్తకాన్ని అర్ధరాత్రి వేళ రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేతుల మీదుగా ఆవిష్కరింపజేశారు. వారు ఎవరి ప్రకటన కోసమూ ఎదురుచూడలేదు. చెప్పాల్సింది తమ దగ్గరే ఉంది. తేడా ఎక్కడుందంటే, అలాంటి పుస్తకంలో ప్రతి ఒక్కరికీ మిగతావారెవరో తెలుసు. డబ్బు కట్టిన అరవై మందిలో పక్క పేజీలో ఉన్నది ఎవరో ఎవరికీ తెలియదు.

ఏ రకమో తేల్చుకోవడానికి హైదరాబాద్‌లో ఉన్నవారికి ఒక వసతి ఉంది. ఆ సంపాదకులు ఇంతకుముందు తెచ్చిన సంకలనం పేరు రాసుకుని కాచిగూడలో నవోదయ బుక్ హౌస్‌కు వెళ్లి అడగండి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో చూడండి. డిసెంబరు ప్రాంతాల్లో పుస్తక ప్రదర్శన జరిగితే అక్కడ వెతకండి. దొరికితే నిలబడి ముందుమాట చదవండి. ఈ కథలనే ఎందుకు తీసుకున్నారో సంపాదకుడు అందులో చెప్పుకున్నాడా? ఏవేవో కథల పేర్లెత్తి వాటి గురించి మాట్లాడాడా? రచయితలందరికీ కృతజ్ఞతలు చెప్పి ముగించాడా? అరగంట పని. మీ కథ మీద మీరు పెట్టిన నెలల ముందు అరగంట ఎంత!

ఇక ఆహ్వాన సంకలనం. నల్లకుంటలో ఉండే ఒక మిత్రుడు అమ్మ మీద కథల సంకలనానికి సంపాదకుడిగా ఉన్నప్పుడు, వచ్చిన కథల్ని వేరుచేసే పనిలో సాయంగా కూర్చున్నాను. చాప మీద మూడు దొంతరలు. సాయంత్రానికి నాకు అర్థమైంది, కథలు చెడ్డవి కావు, ఒకేలా ఉన్నాయి. తెల్లవారుజామున ఫోను మోగుతుంది, నగరంలో ఉన్న కొడుకు బస్సెక్కుతాడు, కిటికీ పక్కన కూర్చుని చిన్ననాటి సంగతులు తలుచుకుంటాడు, ఊరు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి అదే బస్సు. రాసిన ప్రతి ఒక్కరికీ అది సొంత దుఃఖమే. కానీ వరుసగా చదువుతున్నవాడికి ఆరో బస్సు దగ్గర కన్ను ఆగదు. రాత్రి తొమ్మిదింటికి ఒక కథ వచ్చింది. అందులో అమ్మ చనిపోలేదు, ఏడవలేదు. కూతురికి అమ్మ చీటీల పుస్తకం దొరుకుతుంది. పేర్లు, అంకెలు, కొట్టివేతలు. ఏ నెలలో చీటీ ఎవరు పాడుకున్నారో, ఏ నెలలో అమ్మ తన వంతును మరొకరికి వదిలేసిందో ఆ అంకెల్లోంచే కూతురు చదువుకుంటుంది. మిత్రుడు ఆ కాగితాలను విడిగా తీసి దిండు కింద పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి కథ అంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదట.

అందుకే చెబుతున్నాను, విషయం ఇచ్చిన సంకలనానికి రాసేటప్పుడు మనసుకు మొదట తట్టిన కథను పక్కన పెట్టండి. అది మిగతావారికీ మొదటే తట్టి ఉంటుంది. పాత కథలో చివర ఒక పేరా చేర్చి విషయానికి అతికించడం కూడా వద్దు. అతుకు సంపాదకుడికి వెంటనే తెలిసిపోతుంది.

పంపే పద్ధతి దగ్గర మంచి కథలు కూడా చిక్కుకుంటాయి. ప్రకటనలో ‘అముద్రితం’ అని ఉంటే ఇంతకుముందు ఎక్కడా రాకూడదని అర్థం. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను చాలామంది సంపాదకులు అచ్చయినట్టే లెక్కిస్తారు, కాబట్టి పెట్టి ఉంటే ముందే చెప్పాలి. కథతో పాటు హామీపత్రం అడుగుతారు: ఇది నా సొంత రచన, అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు. సంతకం చేశాక అదే కథను మరో చోటికి పంపకూడదు. మరి నెలల తరబడి జవాబు రాకపోతే? మన దగ్గర వద్దన్న సంగతి చెప్పే అలవాటు తక్కువ. ప్రకటనలో ఇచ్చిన గడువు దాటాక మర్యాదగా రెండు వాక్యాల ఉత్తరం రాయండి, ఫలానా తేదీలోగా సమాధానం రాకపోతే కథను వెనక్కి తీసుకున్నట్టు భావించమని. ఆ ఉత్తరం దాచుకోండి. అప్పుడు మీ హామీ చెడదు, మీ కథ ఎక్కడో ఇరుక్కుపోయి ఉండదు.

యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు పంపండి, దాంతో పాటు పీడీఎఫ్ కూడా. డీటీపీ చేసేవారిలో చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు. ఆ మార్పులో ఒత్తులు చెదురుతాయి. పీడీఎఫ్ ఉంటే పోల్చి చూసుకోగలుగుతారు. ప్రూఫులు పంపమని ఒకసారి అడగండి, తప్పేమీ లేదు. రచయిత పరిచయం మూడు వాక్యాలు చాలు. ఊరు, చేసే పని, ఇంతకుముందు ఏమైనా అచ్చయి ఉంటే దాని పేరు.

హక్కుల విషయంలో మన రచయితలు అనవసరంగా భయపడతారు, లేదా అసలు పట్టించుకోరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కథకు మొదటి యజమాని రాసినవారే. మీ సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు మరొకరికి పోదు. పుస్తకం రెండో పేజీలో ‘సర్వహక్కులూ ప్రచురణకర్తవి’ అని అచ్చు వేసినంత మాత్రాన మీ కథ వారిదైపోదు. కథల్ని ఏరి కూర్చిన శ్రమకు సంకలనం మీద సంపాదకుడికి విడిగా హక్కుంటుంది, దాని కింద మీ కథ మీదే. కాబట్టి సంతకం పెట్టే కాగితం చదవాలి. ఒకవేళ హక్కు బదిలీ చేస్తూ కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా భావిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, కాగితంలో మరోలా లేనప్పుడు, అది రద్దయినట్టే. ఇవన్నీ 19వ సెక్షన్‌లో ఉన్నాయి. సంకలనానికి కావలసింది ఆ ఒక్క పుస్తకంలో ఒక కథను వేసుకునే అనుమతి. ‘ఈ సంకలనంలో ప్రచురణకు మాత్రమే అనుమతి, మిగతా హక్కులు రచయితవి’ అన్న ఒక్క వాక్యం మీ ఉత్తరంలోనే రాసి పంపండి. నిజాయితీ గల సంపాదకులెవరూ దానికి నొచ్చుకోరు.

ఐఎస్‌బీఎన్ ఉందని కొన్ని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. అది పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే పదమూడు అంకెల సంఖ్య. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. పుస్తక విక్రేతకు, గ్రంథాలయానికి ఉపయోగపడుతుంది. రచన నాణ్యతకు అది ముద్ర కాదు, కాపీరైట్ నమోదు అంతకన్నా కాదు. దాని పేరు చెప్పి విడిగా డబ్బు అడిగితే ఎందుకో అడగండి.

పారితోషికం మాట కూడా సూటిగా చెప్పాలి. తెలుగు సంకలనాల్లో ఎక్కువ వాటికి ఉండదు. ఒకటి రెండు ప్రతులు ఇస్తారు. అడిగితే రచయితలకు తగ్గింపు ధరకు మరికొన్ని ఇస్తారు. కొనడం తప్పనిసరి అని షరతు పెడితే మళ్లీ నాలుగో రకం దగ్గరికి వచ్చినట్టే. ఇచ్చిన ప్రతుల్లో ఒకటి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. రెండోదాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. ఎవరి కథ నచ్చితే వారికి ఉత్తరం రాయండి. నా కథలకు ఇవాళ్టికీ తొలి పాఠకులుగా ఉన్న ఇద్దరు ఒక సంకలనంలో నా పక్క పేజీల్లోని వారే. అచ్చుకు వెళ్లే ముందు నా ప్రతి కథా వారి చేతుల మీదుగా పోతుంది.

ఇంకొకటి, పుస్తకం చేతికి వచ్చిన రోజే చేయాల్సిన పని. నా తొలి సంకలన కథలో ఒకామె రాత్రి ఇంటికి వచ్చి తాళం తీస్తుంది. అచ్చులో ‘తాళి తీసింది’ అని పడింది. చూశాను, బాధపడ్డాను, ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆరేళ్ల తర్వాత సొంత సంపుటి వేస్తున్నప్పుడు అసలు ఫైలు పాత కంప్యూటర్‌తో పాటు పోయింది. సంకలనం పేజీలనే డీటీపీకి ఇచ్చాను, ప్రూఫులో కూడా నా కన్ను దాన్ని తాళం అనే చదివింది. కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయానని, ఆమె అంత నిర్ణయం ఎందుకు తీసుకుందో మిగతా కథలో వెతికానని. ఆమెకు జవాబు రాయడానికి నాకు వారం పట్టింది. ఇప్పుడు ఏ సంకలనం వచ్చినా ముందు పెన్సిల్ తీసుకుని నా కథ మొదటి నుంచి చివరిదాకా అక్షరం అక్షరం చూస్తాను. తప్పులను అంచున దిద్ది, పైన సంకలనం పేరు, నెల, సంవత్సరం, పేజీ సంఖ్య రాసి, ఫైలు ఎక్కడ దాచానో కూడా రాస్తాను.